పోటీలో నిలబెట్టదగ్గ హైబ్రిడ్ టీ గులాబీని పెంచడం ఎలా?

గుత్తులుగా పూసే గులాబీలు తోటకు బాగుంటాయి. కానీ పొడవాటి కాడ మీద ఒకే ఒక్క పువ్వు, నడుమ రెక్కలు మొనదేలి నిటారుగా ఉండాలంటే మాత్రం హైబ్రిడ్ టీ రకమే తెచ్చుకోండి. 1867లో ఫ్రాన్స్‌లో పుట్టిన 'లా ఫ్రాన్స్'ను వీటిలో మొదటిదని చెబుతారు.

ముందుగా రోజుకు కనీసం 6 గంటల ఎండ తగిలే చోటు చూసి, అడుగున్నర లోతు గుంత తీసి, బాగా మాగిన పశువుల ఎరువు మట్టిలో కలిపి నాటండి. నీళ్లు నిలవకూడదు. అంటు కట్టిన చోటుకి కింద నుంచి వచ్చే చిగుళ్లు మనం కొన్న గులాబీవి కావు, కత్తిరిస్తే మళ్లీ వస్తాయి కాబట్టి మొదలంటా లాగి పీకేయండి.

నీళ్లు ఆకుల మీద పడకుండా మొక్క మొదలు దగ్గరే పోయండి. ఆకులు గంటల తరబడి తడిగా ఉంటే నల్లమచ్చ తెగులు పట్టుకుంటుంది. అమెరికన్ రోజ్ సొసైటీ లెక్కలో 100 మార్కులకి పువ్వు రూపానికి 25 అయితే కాడకీ ఆకులకీ కలిపి 20, అంటే ఆకు పాడైతే పువ్వు ఎంత బాగున్నా నష్టమే.

ఏటా కొత్త చిగురు వేసే ముందు ఎండినవీ, సన్నవీ, ఒకదానికొకటి రాసుకునేవీ తీసేసి, మూడు నుంచి అయిదు గట్టి కొమ్మలు ఉంచండి. బయటివైపు చూసే కన్నుకి, అంటే కొమ్మ మీద చిగురు మొలిచే చోటుకి, పావు అంగుళం పైన కోయాలి.

అసలు పని మొగ్గ దశలో ఉంది. కొమ్మ చివర పెద్ద మొగ్గ కింద, ఆకుల చంకల్లో బుల్లి మొగ్గలు వస్తాయి. బఠాణీ గింజంత కాకముందే బొటనవేలితో పక్కకి వంచితే టక్కున ఊడొస్తాయి. మొదటిసారి నాకు చేతులాడలేదు, రేపు చూద్దాంలే అని వారం ఆగాను, తీరా తుంచితే కాడ మీద గోధుమరంగు మచ్చలు అలాగే ఉండిపోయాయి. కాబట్టి జాలిపడకండి, ఆ బలమంతా ఒక్క మొగ్గకే వెళ్లాలి.

పోటీకి ముందు సాయంత్రం గానీ తెల్లవారుజామున గానీ, పువ్వు సగం నుంచి ముప్పావు విచ్చినప్పుడు కోసి, వెంటనే కాడని మెడ దాకా నీళ్లలో ముంచి చల్లటి చోట రెండు మూడు గంటలు ఉంచండి. ఆకుల్ని మెత్తటి గుడ్డతో తుడవండి. బయటి రెక్క ఒకటి చిరిగితే అడుగంటా మెల్లగా తుంచేయొచ్చు, రెండు మూడు తీస్తే మాత్రం పువ్వు ఓ పక్క బోసిపోయినట్టు ఇట్టే తెలిసిపోతుంది.