విరిగిన జాడీకి బంగారు అతుకు

అమ్మమ్మ నాటి ఊరగాయ జాడీ గత వేసవిలో చేయి జారి మూడు ముక్కలైనప్పుడు, పారవేయడానికి మనసొప్పక, పగుళ్లను దాచకుండా బంగారు గీతలుగా చూపించే జపాను వారి కింత్సుగి పద్ధతిని అనుసరించి దానిని అతికించాను. అక్కడ ఈ పనికి ఉరుషి అనే చెట్టు పాలతో చేసిన లక్కను వాడతారు. అది తేమ గాలిలో నెమ్మదిగా గట్టిపడుతుంది కనుక ఒక్క పాత్రకే వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. పైగా ఆ చెట్టు మన జీడి కుటుంబానిదే కావడంతో, పచ్చి పాలు తగిలితే చర్మం పొక్కుతుంది. అందుచేత నేను రెండు గొట్టాల ఎపాక్సీ జిగురును, బంగారు రంగు మైకా పొడిని ఎంచుకున్నాను.

మొదటిసారి తొందరపడ్డాను. ఏళ్ల తరబడి నూనె పీల్చుకున్న అంచులకు జిగురు పట్టక, మర్నాటికే అతుకు ఊడిపోయింది. రెండోసారి ముక్కలను సబ్బు కలిపిన వేడినీటిలో పదేపదే నానబెట్టి, జిడ్డు పోయేవరకు అంచులను స్పిరిట్‌తో తుడిచి, రెండు రోజులు ఆరనిచ్చాను. తరువాత రెండు గొట్టాల జిగురును సమపాళ్లలో, ఒక్క అతుకుకు సరిపోయేంత మాత్రమే తీసుకుని, అందులోనే పొడి కలిపి అంచుకు పూసి, ముక్కలను అదిమిపట్టి, కాగితపు టేపు వేసి, కదలకుండా బియ్యం పోసిన గిన్నెలో నిలబెట్టాను. బయటికి పొంగిన జిగురును తుడవకూడదు, ఎందుకంటే బంగారు గీతగా నిలిచేది అదే. ఒక్కో అతుకుకు 24 గంటలు ఆగాను.

ఈ జిగురు ఆహారానికి తగదు కాబట్టి జాడీలో ఇక ఆవకాయ పెట్టము. ప్రస్తుతం అందులో ఎండు పూలకొమ్మలు ఉన్నాయి.