18 ఏళ్లు నిండే దివ్యాంగ విద్యార్థికి సంరక్షకుడు: దరఖాస్తుకు ముందు, తరువాత

మన దేశంలో 18 ఏళ్లు నిండగానే తల్లిదండ్రుల సహజ సంరక్షకత్వం, అంటే బిడ్డ తరఫున నిర్ణయాలు తీసుకునే అధికారం, ముగిసిపోతుంది; బిడ్డకు మేధో వైకల్యం ఉన్నా అది దానంతటదే కొనసాగదు. బ్యాంకులోనో రిజిస్ట్రేషన్ కార్యాలయంలోనో సంతకం దగ్గర పని ఆగితే తప్ప చాలా కుటుంబాలు ఈ సంగతి పట్టించుకోవు కనుక, ఇంటర్ చదువుతుండగానే ఆలోచించడం మేలు.

సంరక్షకుడు నిజంగా అవసరమా అన్నది ముందు తేల్చుకోవాలి. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 13వ సెక్షన్ వారికి చట్టపరంగా అందరితో సమానమైన సామర్థ్యాన్ని గుర్తిస్తుంది. డబ్బు లెక్కలు రాకపోయినా ఏ కోర్సులో చేరాలో, ఎవరితో ఉండాలో స్పష్టంగా చెప్పగల అమ్మాయికి కావలసింది తోడు నిలిచే మనిషి, ఆమె బదులు నిర్ణయించే మనిషి కాదు. ఆ తోడు సరిపోనప్పుడు, 14వ సెక్షన్ కింద నిర్దిష్ట నిర్ణయానికి, నిర్దిష్ట కాలానికి, ఆమె ఇష్టానుసారం నడిచే పరిమిత సంరక్షకత్వాన్ని కోరవచ్చు.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు కష్టమయ్యే స్థితి), మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారి విషయంలో నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 వర్తిస్తుంది. జిల్లా కలెక్టరు ఉండే స్థానిక స్థాయి కమిటీకి తల్లిదండ్రులు లేదా బంధువులు వైకల్య ధ్రువపత్రం, వయసు, చిరునామా ఆధారాలతో దరఖాస్తు చేయాలి. సంరక్షకుడు ఎవరు కావాలో విద్యార్థినే అడిగి తెలుసుకుని వెళ్లడం, నా దృష్టిలో, కాగితాలకంటే ముఖ్యం.

నియామకంతో పని పూర్తికాదు: 6 నెలల్లో ఆస్తుల జాబితా, ఆపై ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన 3 నెలల్లో లెక్కలు అప్పగించాలి. సంరక్షకుడు నిర్లక్ష్యం చేసినా, వేధించినా, ఆస్తి కాజేసినా, తొలగించమని అదే కమిటీని కోరవచ్చు.