13 ముక్కల రమ్మీ: కొత్తవాళ్ళకి నేను నేర్పే వరస

రమ్మీ నేర్పమంటే చాలామంది అన్నీ ఒకేసారి చెప్పేస్తారు. జోకర్, సెట్టు, డ్రాప్, షో, 80 కౌంటు అంటూ పది నిమిషాలు ఏకబిగిన వివరిస్తారు. వినేవాళ్ళు తలూపుతారు. తీరా ముక్కలు పంచాక, "ఇప్పుడు నేనేం చేయాలి?" అని పక్కవాళ్ళ మొహం చూస్తారు. మా ఇంట్లో కొత్తగా ఎవరు ఆటకి కూర్చున్నా నేర్పే పని నాదే. పిల్లలైనా, కొత్తగా వచ్చిన అల్లుడైనా నా వరస ఒకటే: ముందు సీక్వెన్స్, తర్వాత దించడం, జోకర్ (ఏ ముక్క బదులైనా పెట్టుకోగలిగేది) అన్నిటికన్నా చివర. జోకర్ ముందే చెబితే కొత్తవాళ్ళు దాన్నే నమ్ముకుంటారు, సీక్వెన్స్ కట్టడం నేర్చుకోరు.

ముందు ముక్కలు గుర్తుపట్టాలి. పేకలో 52 ముక్కలు, నాలుగు రంగులు: ఇస్పేటు, ఆటీను, కళావరు, డైమన్. ఒక్కో రంగులో ఆసు, 2 నుంచి 10, జాకీ, రాణి, రాజు కలిపి 13. ఒకే రంగులో వరసగా మూడు ముక్కలో అంతకన్నా ఎక్కువో ఉంటే అది సీక్వెన్స్. ఉదాహరణకి ఆటీను 6, 7, 8. ఒకే అంకె వేరువేరు రంగుల్లో మూడో నాలుగో ఉంటే సెట్టు. ఆసు రెండువైపులా పనికొస్తుంది. ఆసు, 2, 3 కట్టొచ్చు, రాణి, రాజు, ఆసు కూడా కట్టొచ్చు. రాజు, ఆసు, 2 మాత్రం కుదరదు. పిల్లలు ఇక్కడ తప్పకుండా వాదిస్తారు. ఆసు దగ్గర వరస ఆగిపోతుంది, చుట్టూ తిరగదని మొదట్లోనే గట్టిగా చెప్పేయండి.

మొదటి ఆటలు ఒకే పేకతో, 7 ముక్కలతో, జోకర్ లేకుండా ఆడించండి. ఒక సీక్వెన్స్ తప్పనిసరి. మిగిలిన ముక్కలతో ఇంకో సీక్వెన్స్ గానీ సెట్టు గానీ. అంటే మూడూ నాలుగూ కలిపి ఏడు. పంచగా మిగిలిన పేక మధ్యలో బోర్లా పెట్టి, పైముక్క ఒకటి తెరిచి పక్కన పెడతారు. తన వంతు వచ్చినవాళ్ళు ఆ తెరిచిన ముక్కనైనా తీసుకోవాలి, పేకలోంచి కొత్త ముక్కనైనా లాగాలి. తర్వాత చేతిలోంచి ఒకటి దించాలి. ఆటంతా ఇంతే. తొలి రెండు మూడు ఆటలు అందరూ ముక్కలు కిందే పరిచి, చూపించుకుంటూ ఆడితే మంచిది. "నాకు ఈ ముక్క ఎందుకు అక్కర్లేదంటే" అని పైకి చెబుతూ దించండి. కొత్తవాళ్ళు నియమాల కన్నా ఆ మాటల్నే ఎక్కువ పట్టుకుంటారు.

చిన్నపిల్లల చేతిలో 13 ముక్కలు నిలవవు, జారిపోతాయి. ఎదురుగా ఒక లావుపాటి పుస్తకం నిలబెట్టి, దాని వెనక ముక్కలు పరుచుకోమంటే సరిపోతుంది. పెద్దవాళ్ళకి అంకెలు పెద్దగా అచ్చేసిన పేక కొనండి. కళ్ళు చికిలించి చూసుకుంటూ ఆడితే ఎవరికైనా తొందరగా విసుగొస్తుంది. ముక్కలు సర్దుకునే పద్ధతి ఒకటి మా అత్తయ్య చెప్పారు: నలుపు, ఎరుపు ఒకదాని తర్వాత ఒకటి వచ్చేలా ఇస్పేటు, ఆటీను, కళావరు, డైమన్ అని పేర్చుకోవాలి. రెండు ఎర్ర రంగులు పక్కపక్కన ఉంటే డైమన్ 7ని ఆటీనుగా పొరబడి షో (ముక్కలన్నీ కుదిరాయని చెప్పి ఆట ముగించడం) చెప్పేస్తారు. రమ్మీలో పాయింట్లు ఎంత తక్కువ పడితే అంత మంచిది. తప్పు షోకి పడే 80 పాయింట్లు ఆట మొత్తాన్ని పాడుచేస్తాయి.

సీక్వెన్స్ కట్టడం అలవాటయ్యాక అసలు సంగతికి రండి. ఏ ముక్క ఎత్తాలో ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది, ఎందుకంటే కావలసిన ముక్క కంటికి కనిపిస్తుంది. ఏది దించాలో తెలియడమే ఆట. రమ్మీ మీద సుప్రీంకోర్టు 1967లో, ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన సత్యనారాయణ కేసులో తీర్పు ఇచ్చింది. పడుతున్న ముక్కల్ని గుర్తుపెట్టుకోవడానికీ, ఏది ఉంచుకోవాలి ఏది దించాలి అన్నదానికీ నేర్పు కావాలి, అందుకే ఇది ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని అందులో ఉంది. ఉంచుకోవడం, దించడం అన్న ఆ రెండు మాటలే నేను నేర్పేవాళ్ళకి పదేపదే చెబుతుంటాను.

దించడం నేర్పాలంటే లెక్క చూపించాలి. రెండు పేకలు కలిపి ఆడేటప్పుడు ప్రతి ముక్కా రెండేసి ఉంటాయి. మీ చేతిలో ఇస్పేటు 6, 7 ఉన్నాయనుకోండి. 5 వచ్చినా 8 వచ్చినా సీక్వెన్స్ అవుతుంది. ఒక్కోటి రెండేసి కాబట్టి మీకు పనికొచ్చేవి 4 ముక్కలు. అదే ఇస్పేటు 6, 8 ఉంటే మధ్యలో 7 ఒక్కటే దిక్కు. అంటే 2 ముక్కలే. ఆసు, 2 పట్టుకున్నా అంతే, 3 ఒక్కటే రావాలి. వేరువేరు రంగుల్లో రెండు 8లు ఉంటే మిగిలిన రెండు రంగుల్లో రెండేసి చొప్పున 4 ముక్కలు. కానీ రెండు 8లూ ఇస్పేటువే అయితే ఆ జంటతో సెట్టు కట్టలేరు. సెట్టులో ఒకే రంగు రెండుసార్లు రాకూడదు. కొత్తవాళ్ళు ఇలాంటి జంటని చాలాసేపు పట్టుకుని కూర్చుంటారు.

నాకు బాగా ఇష్టమైన చేయి ఇది: ఇస్పేటు 7, ఇస్పేటు 8, ఆటీను 8. ఇస్పేటు 6 గానీ 9 గానీ వస్తే సీక్వెన్స్, కళావరు 8 గానీ డైమన్ 8 గానీ వస్తే సెట్టు. మూడే ముక్కలు 8 ముక్కల కోసం చూస్తుంటాయి. ఇలాంటి కూర్పులు పోగుచేసుకోవడం వచ్చిందంటే ఆట సగం వచ్చినట్టే. మధ్య అంకెలు ఎందుకు విలువైనవో కూడా ఇక్కడే అర్థమవుతుంది. 7 మూడు రకాల సీక్వెన్స్‌లలో చేరుతుంది: 5-6-7, 6-7-8, 7-8-9. రాజు రెండింటిలోనే చేరుతుంది, పైగా ఓడితే 10 పాయింట్లు పడతాయి.

ఇప్పుడు 13 ముక్కలకి, రెండు పేకలకి వెళ్ళొచ్చు. పంచాక పేకలోంచి ఒక ముక్క తీసి పేక కింద సగం కనబడేలా పెడతారు. అది కట్ జోకర్. అది 4 అయితే ఆ ఆటలో అన్ని రంగుల 4లూ జోకర్లే. వీటితో పాటు ప్రింటెడ్ జోకర్లు ఉంటాయి. మేం రెండు పేకలకి రెండు వేస్తాం. తెరిచిన 4 పోగా ఇంకో ఏడు 4లు, ఈ రెండూ కలిపి 9 జోకర్లు. మిగిలిన 105 ముక్కల్లో 9 అంటే, చేతికి సగటున ఒకటి. కాబట్టి జోకర్ ఒకటి వచ్చిందని పొంగిపోనక్కర్లేదు, అందరికీ దాదాపు అంతే. కట్ జోకర్‌గా ప్రింటెడ్ జోకరే పడితే ఆసుల్ని జోకర్లుగా తీసుకోవడం వాడుక.

షో చెప్పాలంటే కనీసం రెండు సీక్వెన్స్‌లు ఉండాలి. వాటిలో ఒకటి జోకర్ సాయం లేని రియల్ సీక్వెన్స్ అయి తీరాలి. మిగిలినవి సీక్వెన్స్‌లైనా సెట్లైనా, జోకర్ పెట్టుకున్నా ఫర్వాలేదు. ఇక్కడ ఒక చిక్కు అందరూ అడుగుతారు. 4 జోకర్ అయినప్పుడు ఆటీను 3, 4, 5 ఉంటే అది రియలేనా? రియలే. ఆ 4 తన రంగులో, తన చోటులోనే ఉంది కదా.

ఒక చేయి తీసుకుని చూద్దాం. జోకర్ 4. మీకు వచ్చినవి: ఆటీను ఆసు, 6, 7, 8, కళావరు 4, 10, జాకీ, డైమన్ 2, 9, రాజు, ఇస్పేటు 9, రాణి, రాజు. ఆటీను 6-7-8తో రియల్ పంపకంలోనే వచ్చేసింది, టెన్షన్ సగం తీరింది. కళావరు 10, జాకీల పక్కన 4ని జోకర్‌గా పెడితే రెండో సీక్వెన్స్ కూడా ఉన్నట్టే. మిగిలిన ఏడింటిలో రాజులు రెండు, ఇస్పేటు రాణి కలిసి పైన చెప్పిన మూడు ముక్కల కూర్పు. 9లు రెండూ జంట. దేనికీ అతకనివి ఆటీను ఆసు, డైమన్ 2. ముందు ఏది దించాలి? ఆసు. ఎవరో తొందరగా షో చెబితే దానికి 10 పాయింట్లు, 2కి రెండే.

ఇందులో కళావరు 9 వచ్చిందనుకోండి. 9-10-జాకీ సొంతంగా సీక్వెన్స్ అయిపోయి జోకర్ ఖాళీ అవుతుంది. దాన్ని 9ల జంట పక్కకి జరిపితే సెట్టు. ఆ తర్వాత ఆటీను 9 కూడా వస్తే 6-7-8 వెనక చేరి నాలుగు ముక్కల సీక్వెన్స్. ఈలోగా ఆసు, 2 దించేసి ఉంటారు. ఆపైన ఇంకో రంగు రాజు వస్తే షో. దించాల్సిన చివరి ముక్క, అంటే ఇస్పేటు రాణి, బోర్లా పెట్టి షో చెప్పాలి. ఒక ముక్క రాగానే మిగతావన్నీ చోటు మారడం, ముఖ్యంగా జోకర్ ఒక చోటు నుంచి ఇంకో చోటుకి జరగడం కొత్తవాళ్ళకి కనబడదు. అందుకే ప్రతి ముక్క తీశాక చేయి మొత్తం ఒకసారి మళ్ళీ చూసుకోమంటాను. తొందరేం లేదు, ఎదుటివాళ్ళు ఆగుతారు.

సొంత చేయి చూసుకోవడం వచ్చాక పక్కచేయి చూడాలి. మీ తర్వాత ఆడేవాళ్ళు ఇస్పేటు 9 ఎత్తారంటే ఇస్పేటు 7, 8, 10, జాకీ, ఇంకా మిగతా రంగుల 9లు మీరు దించకూడదు. ఆటీను రాజు దించినవాళ్ళకి ఆటీను రాణి అక్కర్లేకపోవచ్చు, కాబట్టి అది కాస్త క్షేమం. మీకు కావలసిన ముక్కలు రెండూ కిందపడిపోయాయా అన్నది మరీ ముఖ్యం. ఇస్పేటు 7లు రెండూ పడిపోయాక 6, 8 పట్టుకుని చూడటం వృథా, వెంటనే వదిలేయండి. అన్ని ముక్కలూ గుర్తుపెట్టుకోవాలని చూడొద్దు. మీకు కావలసిన వాటిని, పక్కవాళ్ళు ఎత్తిన వాటిని గుర్తుంచుకుంటే చాలు. ఒక్క మాట: దించిన జోకర్‌ని ఎవరూ ఎత్తకూడదు. మొట్టమొదట తెరిచిన ముక్కే జోకర్ అయితే మొదట ఆడేవాళ్ళు తీసుకోవచ్చు.

కౌంటు, అంటే పాయింట్ల లెక్క, సులువే. ఆసు, రాజు, రాణి, జాకీ పదేసి, మిగతావి వాటి అంకె, జోకర్‌కి సున్నా. షో చెప్పినవాళ్ళకి సున్నా. రియల్ లేకపోతే చేతిలో ఉన్నవన్నీ లెక్కకొస్తాయి, గరిష్ఠం 80. చేయి బాగోలేదనిపిస్తే ఒక్క ముక్క కూడా ఎత్తకముందే డ్రాప్ చేస్తే (ఆ ఆట వదిలేస్తే) 20, మధ్యలో డ్రాప్ చేస్తే 40. 201 ఆటలో (201 పాయింట్లు చేరినవాళ్ళు బయటికి వెళ్ళిపోయే ఆట) ఇవి 25, 50. రియల్ లేదు, జోకర్ లేదు, వరసగా రెండు ముక్కలైనా కుదరలేదు అంటే మొదటే డ్రాప్ చేయడం మంచి ఆట. కొత్తవాళ్ళు దీన్ని పిరికితనం అనుకుంటారు. ఆశపడి మధ్యదాకా లాగి 40 వేయించుకునే కన్నా 20తో బయటపడటమే తెలివి అని కాగితం మీద కూడి చూపించండి. మా ఇంట్లో డబ్బు ఊసే ఉండదు, పాయింట్లు నోటు పుస్తకంలో రాస్తాం.

ఇంటింటికీ నియమాలు కొంచెం మారతాయి. గొడవలు వచ్చేది అక్కడే. పంచకముందే మూడు విషయాలు పైకి అనుకోండి. రియల్ ఉండి రెండో సీక్వెన్స్ లేకుండా ఓడితే సెట్లు లెక్కలోకి వస్తాయా? తప్పు షోకి 80 వేసి మిగిలినవాళ్ళు ఆట కొనసాగిస్తారా, ఆ ఆట అక్కడితో అయిపోయినట్టేనా? మధ్యలో పేక అయిపోతే దించిన ముక్కల్ని పైదొకటి ఉంచి కలిపి మళ్ళీ బోర్లా పెడతారా? మేం అలాగే చేస్తాం. చిన్నపిల్లలు ఆడే రోజుల్లో వాళ్ళకి మాత్రం తప్పు షో కౌంటు సగానికి తగ్గిస్తాం. షో చెప్పడానికి భయపడితే అసలు నేర్చుకోరు.