మడత ఎలక్ట్రిక్ సైకిల్ మొరాయిస్తే ముందు మడత దగ్గర చూడండి

ఎలక్ట్రిక్ సైకిల్ ఆగిపోగానే అందరి చూపూ బ్యాటరీ మీదకే పోతుంది. మడత సైకిల్ విషయంలో చాలాసార్లు అది అనవసరపు ఖర్చుకు దారి. మామూలు ఎలక్ట్రిక్ సైకిల్‌కి లేని భాగం దీనికి ఒకటుంది. రోజూ విప్పి, మడిచి, మళ్లీ బిగించే కీలు అది. వైర్లు దాని పక్క నుంచే పోతాయి, మనిషి బరువు దాని మీదే పడుతుంది, ఇసుకా తుప్పూ ముందు అక్కడే చేరతాయి. కంపెనీ సర్వీస్ సెంటర్ విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉంటే, బండిని ఆటోలో వేసి పంపే ముందు కింద చెప్పినవి ఒకసారి చూసుకోండి. ఎలన్ కీల సెట్టు, 18 నంబరు పానా, ఎలక్ట్రికల్ షాపులో దొరికే మామూలు మల్టీమీటరు (వోల్టేజీ కొలిచే మీటరు) ఉంటే చాలు.

బటన్ నొక్కినా ప్రాణం లేదు

ముందు బ్యాటరీ మీదున్న చిన్న లైట్లు చూడండి. అవి వెలుగుతూ హ్యాండిల్ మీది డిస్‌ప్లే చీకటిగా ఉంటే, బ్యాటరీలో పవర్ ఉంది, బండికి అందడం లేదన్నమాట. మడిచి మోసినప్పుడు బ్యాటరీ తన గాడిలోంచి కాస్త జారి ఉంటుంది. బయటికి తీసి, రాగి పలకలు పొడిగుడ్డతో తుడిచి, టక్ మని కూర్చునేదాకా నెట్టి తాళం వేయండి. కళింగపట్నం, భీమిలి వైపు తిరిగే బండ్లకు ఆ పలకల మీద పచ్చటి చిలుము పడుతుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి తుడిస్తే పోతుంది.

బ్యాటరీ లైట్లు కూడా వెలగకపోతే మల్టీమీటరు తీయండి. 36 వోల్టుల బ్యాటరీ నిండా ఛార్జ్ అయినప్పుడు 42 వోల్టులు చూపిస్తుంది. 30 దగ్గరకు పడిపోతే లోపలి రక్షణ సర్క్యూట్ తనే ఆపేస్తుంది. రాత్రంతా ఛార్జ్ పెట్టినా సున్నా చూపిస్తే ఫ్యూజు పోయి ఉండాలి, లేదా ఆ సర్క్యూట్ ఆపేసి ఉండాలి. ఫ్యూజు మార్చేటప్పుడు దాని మీద రాసున్న ఆంపియర్లదే వేయండి. ఇంట్లో ఫ్యూజు పోతే రాగి తీగ చుట్టేసే అలవాటు ఇక్కడ పనికిరాదు. లిథియం బ్యాటరీతో అది ఇల్లు కాల్చుకునే పని. మీటరు పుల్లలు రెండూ ఒకదానికొకటి తగలకుండా చూసుకోవడం కూడా ముఖ్యమే.

డిస్‌ప్లే వెలుగుతోంది, మోటారు తిరగడం లేదు

పై దానికంటే ఇదే ఎక్కువగా వచ్చే బాధ. కారణాలు నాలుగైదు ఉన్నా, చూసే వరుస తెలిస్తే పావుగంటలో తేలిపోతుంది.

మొదట అసిస్ట్ లెవెల్, అంటే తొక్కేటప్పుడు మోటారు ఎంత సాయం చేయాలో డిస్‌ప్లేలో పెట్టే అంకె, సున్నాలో ఉందేమో చూడండి. నవ్వకండి, జరిగేదే.

తర్వాత బ్రేకు. ఈ సైకిళ్లలో బ్రేకు పట్టగానే మోటారు ఆగేలా లీవర్‌లో చిన్న స్విచ్ ఉంటుంది. మడిచినప్పుడు లీవర్ ఫ్రేముకి ఒత్తుకుని కొద్దిగా వంగినా, కేబులు బిగుసుకున్నా, బ్రేకు పట్టే ఉందని బండి అనుకుంటుంది. లీవర్‌ని వేలితో బయటికి లాగి పట్టుకుని తొక్కి చూడండి. మోటారు అందుకుంటే దొంగ దొరికినట్టే. తేలకపోతే వెనక చక్రం గాల్లోకి లేపి ఉంచి, రెండు బ్రేకుల స్విచ్ కనెక్టర్లు ఒక్కొక్కటిగా ఊడదీసి చూడండి. ఏది ఊడదీస్తే మోటారు తిరిగిందో ఆ స్విచ్ మార్చాలి. అలా ఊడదీసే రోడ్డెక్కవద్దు, బ్రేకు పట్టినా మోటారు తోస్తూనే ఉంటుంది.

థ్రాటిల్ (తొక్కకుండానే మోటారుని నడిపే హ్యాండిల్ మీది పిడి) పనిచేస్తూ, తొక్కినప్పుడు మాత్రం సాయం రాకపోతే తప్పు పెడల్ సెన్సార్‌ది. పెడల్ ఇరుసు దగ్గర అయస్కాంతాల చక్రం ఒకటి ఉంటుంది, దానికి ఎదురుగా చిన్న నల్ల ముక్క. రెండింటి మధ్య సందు మూడు మిల్లీమీటర్ల వరకు ఉండాలి. మడిచినప్పుడు దేనికైనా తగిలి ఆ ముక్క పక్కకు జరుగుతుంది. వానాకాలంలో బురద గట్టిపడినా ఇంతే. తుడిచి, మళ్లీ ఎదురెదురుగా జరిపితే చాలు.

గుంటలో పడగానే మోటారు ఆగిపోయి మళ్లీ వస్తోందా? హ్యాండిల్ ఒక పక్కకు తిప్పినప్పుడే ఆగుతోందా? అప్పుడు నేరుగా కీలు దగ్గరకే వెళ్లండి. వైరు అక్కడ నలిగి ఉంటుంది. బండిని నెమ్మదిగా సగం మడిచి, విప్పి, వైర్లు ఎక్కడ లాగుతున్నాయో, ఎక్కడ కీలు నోట్లో పడుతున్నాయో చూడండి. పైతొడుగు మాత్రమే చిరిగితే ష్రింక్ ట్యూబు (వేడికి ముడుచుకుని పట్టే గొట్టం) వేసి, స్పైరల్ తొడుగు చుట్టి, మడతకు సరిపడా వదులు ఇచ్చి టై కట్టండి. లోపలి తీగ తెగితే అతికించాల్సిందే. ఉత్తి ఇన్సులేషన్ టేపు ఎండకు జిగురు కారి నెలలోనే ఊడుతుంది.

మోటారు గరగరమంటూ కుదుపుతుంటే వెనక చక్రం దగ్గరున్న లావాటి కనెక్టర్ పూర్తిగా కూర్చోలేదేమో ముందు చూడండి. దాని రెండు ముక్కల మీదా బాణం గుర్తులుంటాయి. అవి కలిపి నిటారుగా నెట్టాలి. తిప్పితే లోపలి సన్నటి పిన్నులు వంగుతాయి. ఎర్రర్ నంబరు ఏదైనా కనిపిస్తే మీ బండి పుస్తకంలోనే చూడండి. ఒక కంపెనీ 21 అంటే ఇంకో కంపెనీ 21 కాదు.

హ్యాండిల్ ఊగుతోంది, బండి నడుములో టకటక

దీన్ని మాత్రం రేపటికి వాయిదా వేయకండి. ముందు చక్రం బ్రేకు గట్టిగా పట్టి, బండిని ముందుకీ వెనక్కీ ఊపండి. రెండో చేతి వేలు ఫ్రేము కీలు అతుకు మీద పెట్టండి. అక్కడ కదలిక తెలిస్తే ఫ్రేము లాచ్, అంటే కీలుని మూసి పట్టే గడియ, వదులైంది. తర్వాత హ్యాండిల్ రాడ్డు కీలు, చివరగా ఫోర్కు పైన ఉండే బేరింగ్ అదే విధంగా చూడండి. శబ్దం ఒక చోట వినిపిస్తుంది, తప్పు ఇంకో చోట ఉంటుంది. అందుకే చెవిని నమ్మొద్దు, వేలిని నమ్మండి.

కీలు వదులైందనగానే పానా పట్టుకుని బిగించడం కాదు. ముందు విప్పి, కలిసే రెండు ముఖాలూ తుడవండి. సముద్రం ఒడ్డున మడిచి ఇసుకలో పడుకోబెట్టిన బండికి ఆ మధ్యలో నాలుగు ఇసుక రేణువులు చేరినా లాచ్ పూర్తిగా మూసుకోదు, మూసుకున్నట్టు కనిపిస్తుంది. శుభ్రం చేశాక కూడా వదులుంటే లాచ్ లోపలి సర్దుబాటు నట్టుని పావు చుట్టు తిప్పి మూసి చూడండి. చాలకపోతే ఇంకో పావు. మూసేటప్పుడు లీవర్ సగం దాటాక అరచేతికి గట్టిగా తగలాలి, చివరికి చేతి బలంతోనే మూసుకోవాలి. కాలితో తన్ని మూయాల్సి వస్తే అతిగా బిగించారు. అలాంటి లాచే ఏదో ఒక రోజు విరుగుతుంది. మూశాక అడ్డు పిన్ను పడిందో లేదో చూడటం ఎక్కే ముందు రోజూ చేయాల్సిన పని.

కీలు పక్కన వెల్డింగు దగ్గర పెయింటు మీద వెంట్రుకంత గీత కనిపిస్తే బండి దిగిపోండి. అది గీత కాకపోవచ్చు, పగులు కావచ్చు. గోరుతో గీకితే పోకుండా అలాగే ఉంటే తొక్కడం ఆపేయండి. వీధి చివరి వెల్డింగు షాపులో అల్యూమినియం ఫ్రేముని అతికించుకోవద్దు. ఆ వేడికి చుట్టూ ఉన్న లోహం మెత్తబడి, పక్కనే మళ్లీ పగులుతుంది. వారంటీ ఉంటే అడగండి, లేకపోతే ఫ్రేము మార్చండి.

సీటు రాడ్డు మీద ఒక గీత ఉంటుంది, అంతకంటే పైకి లాగకూడదని. పొడుగువాళ్లు సరిగ్గా ఆ తప్పే చేస్తుంటారు. కాళ్లు చాలడం లేదనిపిస్తే ఇంకా పొడుగు రాడ్డు అడగండి.

చెప్పిన కిలోమీటర్లు రావడం లేదు

కరపత్రంలో ఉన్న దూరం తేలికైన మనిషి, చదును రోడ్డు, గాలి లేని రోజు లెక్క. మీ లెక్క మీరే వేసుకోవచ్చు. బ్యాటరీ మీద రాసున్న వోల్టులని ఆంప్-అవర్లతో గుణించండి, అందులో ఎంత కరెంటు పడుతుందో వాట్-అవర్లలో తేలుతుంది. 36 వోల్టులు, 7.5 ఆంప్-అవర్లు అంటే 270 వాట్-అవర్లు. థ్రాటిల్ మీదే పోతే కిలోమీటరుకి సుమారు 12 నుంచి 15 వాట్-అవర్లు తింటుంది. తొక్కుతూ సాయం తీసుకుంటే 7 నుంచి 10.

శ్రీకాకుళం వాళ్లకు ఈ లెక్క ఎందుకంటే, ఊరి పేరు పెట్టుకున్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఊళ్లో లేదు, ఆమదాలవలసలో ఉంది. దూరం పన్నెండు పదమూడు కిలోమీటర్లు. వెళ్లి రావడానికి పాతిక పైచిలుకు. పై బ్యాటరీతో తొక్కకుండా పోతే ఇరవై దగ్గరే చేతులెత్తేస్తుంది. తొక్కితే ఇంటికొచ్చాక కూడా మిగులుతుంది. తొక్కే ఓపిక లేదంటే కొనేటప్పుడే 10 ఆంప్-అవర్ల పైన తీసుకోండి. అరసవల్లి దాకానో, విజయనగరంలో గంటస్తంభం నుంచి స్టేషన్ దాకానో తిరగడానికైతే చిన్న బ్యాటరీయే మేలు, మోసే బరువు తగ్గుతుంది.

కొత్తలో వచ్చిన దూరం ఇప్పుడు రావడం లేదంటే ముందు టైర్ల గాలి చూడండి. చిన్న చక్రానికి గాలి తగ్గితే పెద్ద చక్రం కంటే ఎక్కువ ఈడుస్తుంది. టైరు పక్కన రాసున్న పీఎస్‌ఐకి దగ్గరగా కొట్టించండి. డిస్క్‌కి బ్రేకు రాసుకుంటోందేమో చక్రం తిప్పి చూడండి. సాయంత్రం పూట సముద్రం వైపు పోతే ఎదురుగాలి కూడా కలుస్తుంది. ఇవేవీ కాకపోతే బ్యాటరీ వయసు.

బ్రిడ్జి ఎక్కుతుంటే ఆగిపోతోంది

ఛార్జ్ సగానికి తగ్గాక ఎత్తు మీద ఇలా జరిగితే, మోటారు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగడం వల్ల వోల్టేజీ కిందకి పడి రక్షణ సర్క్యూట్ ఆపేస్తోంది. ఎత్తు మొదలయ్యే ముందే గేరు తగ్గించి, తొక్కుతూ వేగం నిలబెట్టండి. ఆగిపోయే దశకు వచ్చి థ్రాటిల్ తిప్పితే మోటారు వేడెక్కడం తప్ప ప్రయోజనం ఉండదు. సాలూరు దాటి ఘాట్ ఎక్కుదామనుకునేవాళ్లకు ఈ బండి కాదు.

డిస్‌ప్లే సెట్టింగుల్లో వేగం హద్దు తీసేసి పవర్ పెంచడం ఇంకో వైద్యంలా చెలామణీ అవుతోంది. మన చట్టంలో 250 వాట్లలోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్లలోపు వేగం ఉండబట్టే దీనికి రిజిస్ట్రేషనూ లైసెన్సూ అక్కర్లేదు. ఆ హద్దు దాటితే అది మోటారు వాహనం. రేపు గుద్దుకుంటే ఇన్సూరెన్సు లేని మోటారు వాహనం.

మోయలేకపోతున్నాను, రైల్లో పెట్టనివ్వడం లేదు

ఈ సమస్యకు పానాతో పరిష్కారం లేదు, కొనేటప్పుడే ఆలోచించాల్సింది. మడత ఎలక్ట్రిక్ సైకిళ్లు ఎక్కువగా 17 నుంచి 25 కిలోల మధ్య ఉంటాయి. షాపులో మడిచి చూపిస్తే ముచ్చటేస్తుంది. మీరే మడిచి, ఎత్తి, షాపు మెట్లు రెండుసార్లు ఎక్కి దిగండి, అప్పుడు డబ్బులివ్వండి. ఇప్పటికే కొనేసి ఉంటే బ్యాటరీ విడిగా తీసి బ్యాగులో వేసుకోండి. రెండు కిలోల పైన తగ్గుతుంది. మడిచాక చక్రాల మీద దొర్లించే వీలుంటే మోయకండి.

విజయనగరం నుంచి విశాఖకి రోజూ ప్యాసింజర్‌లో పోయేవాళ్లకు ఇది ఆశ పుట్టించే బండే. కానీ పెట్టెలు, సూట్‌కేసులు బోగీలోకి తెచ్చుకోవడానికి రైల్వే చెప్పే కొలత 100, 60, 25 సెంటీమీటర్లు. ఇరవై అంగుళాల చక్రాల సైకిల్ మడిచినా మందం 40 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. టీటీఈ అభ్యంతరం చెబితే ఆయన తప్పేమీ లేదు, లగేజీ ఆఫీసులో బుక్ చేయాలి. సంచీలో పెట్టి, తలుపు దగ్గర దారి అడ్డం లేకుండా పెడితే గొడవ తగ్గుతుందేమో గానీ హక్కు మాత్రం రాదు. విమానంలో అయితే 160 వాట్-అవర్లు దాటిన బ్యాటరీని అసలు ఎక్కించరు.

రైలు లేదు, మేడ మెట్లు లేవు, ఇంటి ముందు గేటు లోపల చోటుంది అంటే, నా మాటగా చెబుతున్నాను, మడవని ఎలక్ట్రిక్ సైకిల్ కొనుక్కోండి. అదే డబ్బుకి గట్టి ఫ్రేము, పెద్ద చక్రాలు వస్తాయి. ఈ పేజీలో సగం బాధలు ఉండవు.

పంచర్ షాపువాడు విప్పనంటున్నాడు

వెనక చక్రంలో మోటారు చూసి చాలామంది భయపడతారు. చిన్న పంచర్‌కి చక్రం విప్పనే అక్కర్లేదు. టైరు ఒక పక్క లేపి, ట్యూబు బయటికి లాగి, అతికించి, మళ్లీ లోపల పెట్టొచ్చు. ఈ మాట చెబితే షాపువాడికీ ధైర్యం వస్తుంది.

ట్యూబు మార్చాలంటే మాత్రం విప్పాలి. ముందు మోటారు కనెక్టర్ ఊడదీయండి. నట్టూ వాషర్లూ ఏ వరుసలో ఉన్నాయో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పళ్లున్న వాషర్ ఒకటి ఇరుసు తిరగకుండా ఫ్రేముని పట్టుకుని ఉంటుంది, దాన్ని మర్చిపోయినా, నట్లు వదులుగా బిగించినా, మోటారు తోసినప్పుడు ఇరుసే గిర్రున తిరిగి వైర్లన్నీ తెంపేస్తుంది. అప్పుడు ఖర్చు ట్యూబుది కాదు, మోటారుది. ఇరవై అంగుళాల చక్రానికి 20×1.75 రకం పిల్లల సైకిల్ ట్యూబు సరిపోతుంది, ఏ సైకిల్ షాపులోనైనా దొరుకుతుంది. 14, 16 అంగుళాల బండి ముద్దొచ్చినా నేను వద్దంటాను. మన గుంటల్లో అంత చిన్న చక్రం మునిగిపోతుంది.

చైను గార్డు లేని బండి కొంటే వెంటనే వేయించండి. పొందూరు పంచె చైనులో పడితే నలుపు మరక వదలదు, మనిషీ పడతాడు.

బ్రేకు కీచుమంటోంది

మడిచాక డిస్కు దేనికో తగిలి వంగింది, లేదా చైనుకి కొట్టిన నూనె దాని మీద పడింది. వంపు చక్రం తిప్పితే కనిపిస్తుంది, చిన్నదైతే సరిచేయొచ్చు. నూనె అయితే డిస్కుని స్పిరిట్‌తో తుడిచి, ప్యాడ్లని గరుకు కాగితంతో రుద్దండి. నూనె ఇంకిపోతే ప్యాడ్లు మార్చాలి.

ఛార్జర్ పెట్టగానే పచ్చ లైటు, కానీ ఛార్జ్ ఎక్కలేదు

ఛార్జర్‌కి బ్యాటరీ కనిపించడం లేదన్నమాట. ప్లగ్ వదులు, ఛార్జింగ్ వైపు ఫ్యూజు, ఈ రెండూ చూడండి. ఛార్జర్ చివర మల్టీమీటరు పెడితే 36 వోల్టుల బ్యాటరీకి 42 దగ్గర చూపించాలి, అసలు ఏమీ రాకపోతే ఛార్జరే పోయి ఉండొచ్చు. అదే వోల్టేజీ ఉన్న ఛార్జరే కొనండి. 48 వోల్టుల బ్యాటరీ ఛార్జర్ 54.6 ఇస్తుంది, ప్లగ్ కుదిరిందని అది పెట్టకూడదు.

ఎండలో తిరిగొచ్చిన బ్యాటరీని చల్లారాకే ఛార్జ్ పెట్టండి. మంచం కిందా, మెట్ల దారిలోనూ వద్దు. ఉబ్బినా, తీపి వాసన వచ్చినా, ముట్టుకోలేనంత వేడెక్కినా ఇక వాడొద్దు, ఇంటి బయట పెట్టండి.

తుఫాను హెచ్చరిక వస్తే కరెంటు ఉండగానే ఛార్జ్ చేసుకోండి. 2018 తిత్లీ తుఫాను తర్వాత ఉద్దానంలో కరెంటు కోసం రోజుల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. కరెంటు తిరిగొచ్చిన మొదటి గంటల్లో వోల్టేజీ ఎగుడుదిగుడుగా ఉంటుంది, ఛార్జర్ పెట్టకుండా కాస్త ఆగండి. వానలో తొక్కొచ్చు, నిలిచిన నీళ్లలో వెనక చక్రం ఇరుసు మునిగేంత లోతుకు దిగొద్దు. దిగాల్సి వచ్చిందా, ఇంటికొచ్చాక ఆన్ చేయకుండా బ్యాటరీ తీసి, కనెక్టర్లు విప్పి ఒక రోజంతా గాలికి ఆరనివ్వండి. ప్రెషర్ పంపుతో కడిగించడం కూడా మానేయండి, వాన కంటే అదే ఎక్కువ నీళ్లు లోపలికి ఎక్కిస్తుంది.