సిరీస్ కథలు రాయడం నేర్చుకుందాం – 6వ పాఠం: హీరోని పరాయి దేశం పంపేటప్పుడు

కిందటి పాఠంలో మీ హీరోలో ఎన్ని కథలైనా మారని లక్షణాలు రాసుకున్నారు కదా, ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. ఈసారి చుట్టూ ఉన్నదంతా మారుస్తాం, ఆ లక్షణాలు మాత్రం అలాగే ఉంచుతాం.

సిరీస్ సాగేకొద్దీ హీరోకి ఊరు ఇరుకైపోతుంది. హాలీవుడ్‌లో హాపలాంగ్ క్యాసిడీ అనే కౌబాయ్ పాత్రతో 1935 నుంచి 1948 వరకు 66 సినిమాలు వచ్చాయి. అన్నింట్లోనూ హీరో విలియం బోయ్డే. ఎన్నిసార్లని అదే మైదానం, అవే పశువుల దొంగతనాలు చూపిస్తారు? అందుకే 1939లో 'లా ఆఫ్ ది పంపాస్' కోసం అతన్ని అర్జెంటీనాకి, 1941లో 'అవుట్‌లాస్ ఆఫ్ ది డెజర్ట్' కోసం ఏకంగా అరేబియాకి పంపారు.

అమెరికా కౌబాయ్‌కి అరేబియాలో ఏం పని? గుర్రాలు కొనడం. అర్జెంటీనాకి వెళ్లింది పశువులు అప్పగించడానికి. చూశారా, రెండుసార్లూ వృత్తే అతన్ని ఓడ ఎక్కించింది! ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇదే. సరదాకి పంపితే హీరో టూరిస్టు అయిపోతాడు. పని మీద పంపితే దిగిన క్షణం నుంచే టెన్షన్ మొదలు: సరుకు పోవచ్చు, డబ్బు పోవచ్చు, ఇచ్చిన మాట పోవచ్చు. పైగా అక్కడి భాష ఒక్క ముక్క రాకపోయినా, గుర్రం పళ్లు చూసి వయసు చెప్పగలిగినవాడిని ఆ ఊరివాళ్లు గౌరవిస్తారు. అలాంటి సన్నివేశం ఒకటి తప్పకుండా రాయండి.

ఆ తర్వాత, అతనికి తెలియనిది అక్కడివాళ్లకు తెలిసుండాలి. అర్జెంటీనా పశువుల కాపరులను గౌచోలంటారు. కౌబాయ్ పశువు మెడకో కొమ్ములకో ఉచ్చుతాడు విసిరితే, గౌచో బోలాస్ విసురుతాడు. తోలుతాళ్ల చివర బరువైన గుండ్లుంటాయి, అవి కాళ్లకు చుట్టుకుని పశువును పడగొడతాయి. ఒకే వృత్తిలో ఉన్న ఇద్దరు, రెండు విద్యలు. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టండి చాలు, సంభాషణ కూడా అక్కర్లేదు.

అరేబియా సినిమా నాకు ఇక్కడే వెలితిగా అనిపిస్తుంది. డంకన్ రెనాల్డో షేక్ వేషం వేశాడు, ఎడారి ఉంది, గుర్రాలున్నాయి. కానీ కథ నడిపించేది ఒక కిడ్నాప్. దాన్ని టెక్సస్‌లో పెట్టినా నడిచిపోతుంది. నీళ్లబావి ఎవరిది, ఎవరి అనుమతితో తాగాలి అన్న గొడవ మీద నడిపి ఉంటే, ఆ కథను ఎడారి నుంచి కదిలించలేకపోయేవాళ్లు.

అభ్యాసం: గుంటూరు మిర్చి యార్డులోని కమీషన్ వ్యాపారి మీ హీరో అనుకోండి. మన తేజ రకం మిర్చి చైనాకి ఎగుమతవుతుంది. తేమ ఎక్కువుందని అక్కడి కొనుగోలుదారు సరుకు దించుకోనన్నాడు, ఇతను బయల్దేరాడు. ఒక పేజీ రాయండి. రాశాక చైనా కొట్టేసి అక్కడ దుబాయ్ అని పెట్టి చదవండి. ఏమీ తేడా రాకపోతే మళ్లీ మొదటి నుంచి రాయండి.