రీఫ్ ట్యాంకు వేడెక్కుతోందా? ముందు ఏ టైముకు వేడెక్కుతోందో చూడండి

వరంగల్‌లో మే నెల ఎండ 43, 44 డిగ్రీలు కొడుతుంటే ఇంట్లో ఉప్పునీటి ట్యాంకును 26 దగ్గర నిలపడం కాస్త టెన్షన్ పెట్టే పనే. పగడాలకు 24 నుంచి 27 దాకా హాయి. 29 దాటి కొన్ని రోజులు అలాగే ఉంటే, వాటి ఒంట్లో ఉండి తిండి పెట్టే సూక్ష్మ నాచు బయటికి పోయి అవి తెల్లబడడం మొదలవుతుంది. నీళ్లు వేడెక్కగానే చాలామంది చిల్లర్ (ట్యాంకు నీళ్లను చల్లబరిచే మెషిన్) ధర కనుక్కుంటారు. అంతకంటే ముందు పొద్దున 5కు, మధ్యాహ్నం 3కు, రాత్రి 10కి థర్మామీటర్ చూసి రాసుకోండి. సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది.

ఇక్కడ చెప్పేదంతా జోయాంతస్, మష్రూమ్ లాంటి మెత్తని పగడాల ట్యాంకు గురించే. రాతి పగడాలు మన వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జాతులు. ఎవరైనా ‘రేర్ పీస్’ అంటూ చూపిస్తే దండం పెట్టి వచ్చేయండి.

మధ్యాహ్నం 30 దాటుతోంది, తెల్లారేసరికి దిగుతోంది

ఇది గది వేడి. ట్యాంకు మీద గాజు మూత ఉంటే తీసేసి, చేపలు ఎగిరి పడకుండా వల బిగించండి. ఒక క్లిప్ ఫ్యాన్‌ను నీటి మీదుగా ఏటవాలుగా పెట్టండి. నీటి పైపొర సన్నగా వణుకుతూ కనిపించాలి, అంత గాలి చాలు.

ఫ్యాన్ అంటే చులకనగా చూస్తారు గానీ లెక్క వేయండి. 200 లీటర్ల ట్యాంకులో ఒక్క లీటరు ఆవిరైతే దాదాపు మూడు డిగ్రీల వేడిని తీసుకుపోతుంది. అదే లీటరు ఐసు బాటిల్ వేస్తే తగ్గేది అర డిగ్రీ. పైగా ఐసు కరిగాక వేడి మళ్లీ ఎగబాకుతుంది, ఆ ఎక్కుదిగుళ్లే పగడాలకు ఎక్కువ చెరుపు. ఐసు బాటిల్‌ను అత్యవసరానికి మాత్రమే దాచుకోండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ పొడి గాలే ఫ్యాన్‌కు బలం. వారానికోసారి ఫ్యాన్ రెక్కల మీద పేరుకున్న ఉప్పు తుడవకపోతే మాత్రం అది ఎక్కువ రోజులు బతకదు.

లైటు టైమర్‌ను మధ్యాహ్నం నుంచి రాత్రి వైపు జరపండి, రోజుకో గంట చొప్పున.

ఫ్యాన్ తిరుగుతోంది, నీళ్లు చల్లబడట్లేదు

ఆ గదిలో కూలర్ ఉందా? కిటికీలు మూసి కూలర్ వేస్తే గది నిండా చెమ్మ చేరుతుంది. అంత చెమ్మలో ట్యాంకు నీళ్లు సరిగా ఆవిరి కావు. కూలర్‌కు ఎదురుగా ఒక కిటికీ తెరిచి ఉంచండి, లేదా రెండింటినీ వేరే గదుల్లో పెట్టండి. ఏసీ గదిలో ఈ ఇబ్బంది లేదు, అది చెమ్మను లాగేస్తుంది.

రెండోది రుతువు. మృగశిర రోజున ఊరంతా చేపల కోసం బజారులో క్యూ కడుతుంది. మన ట్యాంకులో చేపలకు ఇబ్బంది మొదలయ్యేదీ అప్పుడే. వానలు పడి ఉక్కపోత మొదలైతే, మే నెలలో మూడు డిగ్రీలు దించిన ఫ్యాన్ ఇప్పుడు ఒక్కటి దించడానికి ఆపసోపాలు పడుతుంది. చిల్లర్ కొనాలా వద్దా అన్నది ఆ వారం చూసి తేల్చుకోండి.

పొద్దున 5కు కూడా 29 కిందికి రావట్లేదు

ముందు హీటర్‌ను చూడండి. సెట్టింగ్ తగ్గించడం కాదు, ప్లగ్ పీకేయండి. వేడి చాలనగానే ఆపే థర్మోస్టాట్ అతుక్కుపోతే హీటర్ ఆగకుండా కాగుతూనే ఉంటుంది. తర్వాత పంపులు. నీటిలో మునిగి తిరిగే 40 వాట్ల పంపు వేడి ఎటూ పోకపోతే, 200 లీటర్లను రోజుకు నాలుగు డిగ్రీలు వేడెక్కించగలదు. సంప్ (ట్యాంకు కింద ఫిల్టర్ ఉండే తొట్టి) కప్‌బోర్డు తలుపులు తెరిచి పెట్టండి. పై అంతస్తు అయితే స్లాబ్ అర్ధరాత్రి దాకా సెగలు కక్కుతుంది. పడమటి గోడ పక్కన ట్యాంకు వద్దే వద్దు.

థర్మామీటర్ 27 చూపిస్తోంది, పగడాలు ముడుచుకున్నాయి

ఇది వేడి కాదు, చాలాసార్లు ఉప్పు. ఫ్యాన్ కింద 200 లీటర్ల ట్యాంకులో రోజుకు ఐదారు లీటర్లు తగ్గవచ్చు. పోయేది నీళ్లే, ఉప్పు ట్యాంకులోనే ఉంటుంది. మూడు రోజులు పట్టించుకోకపోతే 35 ఉన్న ఉప్పదనం (కిలో నీటిలో ఎన్ని గ్రాముల ఉప్పు అన్న లెక్క) 38కి చేరువవుతుంది. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూసి, ఆర్‌ఓ నీళ్లు పోయండి. ఉప్పు కలిపిన నీళ్లు కాదు, డాబా మీది ట్యాంకులో కాగిన నీళ్లు అసలే కాదు. తేడా ఎక్కువగా ఉంటే ఒకటి రెండు రోజుల్లో కొద్దికొద్దిగా సరిచేయండి.

తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోరు తెరుస్తున్నాయి

ఆక్సిజన్ చాలట్లేదు. వేడి నీటిలో అది తక్కువ కరుగుతుంది, చేపకేమో అప్పుడే ఎక్కువ కావాలి. వేవ్ మేకర్‌ను (నీళ్లలో అలలు రేపే పంపు) పైకి తిప్పి నీటి పైపొరను కదిలించండి. మేత సగం చేయండి.

చిల్లర్ ఆగకుండా నడుస్తోంది

వెనక జాలీలో దుమ్ము, లేదా కప్‌బోర్డులో బంధించి పెట్టడం. చిల్లర్ నీటి నుంచి తీసిన వేడిని గదిలోకే వదులుతుంది. ఆ గాలి బయటికి పోయే దారి చూపండి.

కరెంటు పోయింది

సాయంత్రం ఈదురుగాలి లేచిందంటే కరెంటు గ్యారంటీ లేదు. అప్పుడు వేడి కంటే ముందు ఊపిరి సంగతి చూడాలి. బ్యాటరీ ఎయిర్ పంపు దగ్గరుంచుకోండి. ఇన్వర్టర్ ఉంటే దాని మీద వేవ్ మేకర్, ఫ్యాన్ మాత్రమే పెట్టండి. చిల్లర్ పెడితే బ్యాటరీ త్వరగా పడుకుంటుంది. కరెంటు వచ్చాక నీళ్లు నిజంగా కదులుతున్నాయో లేదో చూడండి. ఆగి మొదలైన పంపు ఒక్కోసారి ఇరుక్కుపోయి గుర్రుమంటుందే తప్ప నీళ్లు తోయదు. స్విచ్ తీసి, లోపల తిరిగే రోటర్ కడిగి మళ్లీ వేయండి.