ఆ మోత పీస్‌దా, వైరుదా? శాక్సోఫోన్-ఎలక్ట్రానిక్స్ రచనలో సమస్యలు, పరిష్కారాలు

మామూలు కచేరీలో స్పీకర్ గుయ్యిమంటే ఏదో పాడైందని చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. ఫ్యాక్టరీ పని మీద రాసిన పీస్‌లో గుయ్యిమనడం స్కోర్‌లోనే ఉంటుంది. మగ్గం టకటకలు, కంప్రెసర్ బుస, షిఫ్టు సైరన్ ల్యాప్‌టాప్‌లోంచి వస్తుంటాయి, ఆల్టో శాక్స్ వాటితో పోటీ పడుతుంటుంది. తప్పు జరిగినా అందులో కలిసిపోతుంది.

ఒకసారి కచేరీ అయ్యాక ఒకాయన వచ్చి, "ఆ వెల్డింగ్ రవ్వల చిటపటలు భలే పెట్టారండీ" అన్నారు. ఆ పీస్‌లో వెల్డింగే లేదు. రిహార్సల్‌లో బఫర్ (ల్యాప్‌టాప్ ఒక్కోసారి పోగేసుకుని పంపే శబ్దపు ముక్కలు, అంటే శాంపిళ్ల లెక్క) 64కి దించి మర్చిపోయింది నేనే. ల్యాప్‌టాప్ అందుకోలేక చిటపటలాడింది. థాంక్స్ చెప్పి ఊరుకున్నాను.

అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ముందే రికార్డు చేసిన ఫైలు, లైవ్‌గా ఎఫెక్టులు పడే శాక్స్, ఏ ఎఫెక్టూ లేని మైకు: ఈ మూడూ మిక్సర్‌లో వేర్వేరు ఛానళ్లలో ఉండాలి. అనుమానం వచ్చినప్పుడు ఒక్కోటీ మ్యూట్ చేస్తే దొంగ దొరుకుతాడు.

చిటపటలు, మధ్యమధ్యలో శబ్దం తెగడం

కారణం: బఫర్ మరీ చిన్నది. అలాగని బాగా పెంచితే వాయించిన దానికి ఎఫెక్టు ఆలస్యంగా వస్తుంది. సెకనుకు 48 వేల శాంపిళ్ల (48 కిలోహెర్ట్జ్) దగ్గర 256 శాంపిళ్లంటే ఒక్కో దిశలో 5.3 మిల్లీసెకన్లు. గాలిలో శబ్దం ఒక మిల్లీసెకనులో 34 సెంటీమీటర్లే వెళ్తుంది కాబట్టి, మానిటర్ (వాయించేవారి వైపు తిప్పిన స్పీకర్) రెండు మీటర్లు అవతల ఉంటే అక్కడే మరో ఆరు పోతాయి. 128తో మొదలుపెట్టండి, వైఫై ఆపేయండి, మానిటర్‌ను దగ్గరికి జరపండి. ఇంకా చిటపటలు వస్తే 256కి వెళ్లండి.

కింద ఎడతెగని గుయ్

ఫైలు మ్యూట్ చేశాక కూడా ఉందంటే అది ఫ్యాక్టరీది కాదు, కరెంటుది. మన దగ్గరా యూరప్‌లోనూ 50 హెర్ట్జ్, అమెరికాలో 60. ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసి చూడండి. గుయ్ ఆగిందంటే గ్రౌండ్ లూపే, అంటే రెండు ఎర్త్ దారుల మధ్య కరెంటు తిరుగుతోంది. డీఐ బాక్సులో (ల్యాప్‌టాప్‌ను మిక్సర్‌కు కలిపే డబ్బా) గ్రౌండ్ లిఫ్ట్ నొక్కితే చాలాసార్లు పోతుంది, లేదంటే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేసే చిట్కా ఎవరైనా చెబితే వినొద్దు, షాక్ కొడుతుంది.

ఫైలుకూ శాక్స్‌కూ శ్రుతి కలవడం లేదు

ముందు ఎంత తేడా ఉందో చూడండి. దాదాపు ఒకటిన్నర సెమీటోన్ (పక్కపక్క స్వరస్థానాల మధ్య తేడా ఒక సెమీటోన్) ఉంటే వాయించేవారి తప్పు కాదు, శాంపిల్ రేటుది, అంటే సెకనుకు ఎన్ని శాంపిళ్లన్నదానిది. 44.1 కిలోహెర్ట్జ్‌లో చేసిన ఫైలును 48లో నడిపితే శ్రుతి పైకిపోతుంది, పది నిమిషాల ఫైలు 9 నిమిషాల 11 సెకన్లకే అయిపోతుంది. అటూఇటూ అయితే కిందకి దిగి, 10 నిమిషాల 53 సెకన్లు సాగుతుంది. అందుకే నేను శ్రుతి కంటే ముందు గడియారం చూస్తాను. ఫైలు మొత్తం ఎంతసేపో స్కోర్ మొదటి పేజీ మీదే పెన్సిల్‌తో రాసుకోండి.

తేడా సెమీటోన్‌లో మూడో వంతు లోపు ఉంటే చలి వల్ల కావచ్చు. గాలి 10 డిగ్రీలు చల్లబడితే శబ్ద వేగం తగ్గి, గొట్టం వాయిద్యం సుమారు 30 సెంట్లు (సెమీటోన్‌లో వందో వంతు ఒక సెంటు) దిగుతుంది. ఊపిరి వేడి కొంత సర్దుతుంది కానీ, పది బార్లు ఖాళీగా ఉన్నాక మళ్లీ అందుకునేసరికి శాక్స్ చల్లారిపోయి ఉంటుంది. ఆ ఖాళీలో శబ్దం రాకుండా గొట్టంలోకి వెచ్చగా ఊదుతూ ఉండమనండి. మౌత్‌పీస్ లోపలికి నెడితే శ్రుతి పెరుగుతుంది, బయటికి లాగితే తగ్గుతుంది. ఫైలు మాత్రం ఎవరి కోసమూ సర్దుకోదు.

మైకు కూత పెడుతోంది

శాక్స్ శబ్దమంతా గంటలోంచే (చివర విచ్చుకున్న వెడల్పు భాగం) వస్తుందనుకుని మైకు అక్కడ క్లిప్ చేస్తారు. అడుగు స్వరాలు గంటలోంచే వస్తాయి, పై స్వరాలు ఎక్కువగా కీల రంధ్రాల్లోంచి. గంటలో పెట్టిన మైకుకు కింది స్వరాలు బొంయ్‌మంటాయి, పైవి పీలగా ఉంటాయి. వాటి కోసం గెయిన్ (మైకు శబ్దాన్ని పెద్దది చేసే మీట) పెంచుతాం, కూత మొదలవుతుంది. మైకును ఒక జానెడు దూరం జరిపి గంటకూ ఎడమ చేతికీ మధ్యకు తిప్పండి. కార్డియాయిడ్ మైకైతే (ముందువైపు శబ్దమే ఎక్కువగా పట్టేది) దాని వీపు మానిటర్ వైపు ఉండాలి.

ఇలాంటి పీస్‌లను పాత కర్మాగారాల్లో పెడితే ఇంకో చిక్కు వస్తుంది. జర్మనీలో బోఖుమ్ నగరంలోని యార్‌హుండర్ట్‌హాలె అలాంటిదే. 1902 నాటి ఆ భారీ షెడ్డు ఒకప్పుడు ఉక్కు పరిశ్రమది, ఇప్పుడు అందులో కచేరీలు జరుగుతాయి. చూడ్డానికి పీస్‌కు అచ్చుగుద్దినట్టు సరిపోయే చోటే. కానీ అంత పెద్ద షెడ్డులో ప్రతిధ్వని దండిగా ఉంటుంది. అక్కడ మీ రివర్బ్ (ప్రతిధ్వని కలిపే) ఎఫెక్టు తీసేయండి, డిలే ఫీడ్‌బ్యాక్ (వాయించింది మళ్లీ మళ్లీ తిరిగొచ్చే మోతాదు) సగానికి దించండి.

కీల టకటక, ఊపిరి వినపడటం లేదు

చిన్న శబ్దాలను మూసేసే నాయిస్ గేట్ మింగేస్తోంది, ఆపేయండి. గెయిన్‌ను సాగదీసే స్వరాలతో కాదు, గట్టి స్లాప్ టంగ్‌తో పెట్టుకోండి. నాలుక రీడ్ (మౌత్‌పీస్‌లో అదిరే పుల్ల) మీంచి టప్పున లేచినప్పుడు వచ్చే దెబ్బకు 12 డెసిబెల్స్ ఖాళీ వదలాలి.

ఎఫెక్టు తప్పు చోట మొదలవుతోంది

ఒకే ఫింగరింగ్‌తో రెండు మూడు స్వరాలు కలిసి పలికే మల్టీఫోనిక్ దగ్గర పిచ్ ట్రాకర్ (ఏ స్వరమో పసిగట్టే ప్రోగ్రామ్) వెర్రెత్తిపోతుంది. ఆ చోట పిచ్‌ను నమ్మకండి, శబ్దం ఎంత గట్టిగా ఉందన్నదాని మీద నడపండి. కాలి పెడల్ ఒక్కసారి తొక్కితే రెండు క్యూలు (ఎఫెక్టు మారే చోట్లు) దూకుతుంటే, మొదటి నొక్కు తర్వాత అర సెకను దాకా పెడల్‌ను పట్టించుకోవద్దని ప్రోగ్రామ్‌లో పెట్టండి.

ఎనిమిదో నిమిషానికి శ్రుతి పైకి పాకుతోంది, శబ్దం పలచబడుతోంది

కారణం: దవడ అలిసిపోయింది. పెదాల పట్టు సడలితే వాయించేవారు తెలియకుండానే మౌత్‌పీస్‌ను కొరుకుతారు, రీడ్ బిగుసుకుని శ్రుతి ఎక్కుతుంది. చాలామంది ఇంకా గట్టి రీడ్ వేస్తారు, దాంతో అలసట ఇంకా పెరుగుతుంది. అర నంబరు మెత్తనిది వేసి చూడండి.

దీనికి మూలం వేరే ఉంది. ఫైలు ఆగదు. ఇటలీ స్వరకర్త లుయీజీ నోనో 1964లో ఒక గాయని గొంతుకూ టేపుకూ ‘లా ఫాబ్రికా ఇల్యుమినాటా’ రాశారు. జెనోవా దగ్గరి ఉక్కు కర్మాగారంలో రికార్డు చేసిన మోతలు ఆ టేపులో ఉన్నాయి. టేపు దాని దారిన అది పోతుంటుంది, ఆ వేగాన్ని అందుకోవాల్సింది మనిషే. శాక్స్‌లో సైరన్‌లా నిమిషాలపాటు సాగే స్వరం ఉంటే బుగ్గల్లో దాచిన గాలిని బయటికి నెడుతూ అదే సమయంలో ముక్కుతో పీల్చాలి. మన నాదస్వరం పక్కన శ్రుతి ఊదే ఒత్తు వాళ్లకు ఇది కొట్టిన పిండి. ఊదుగొట్టంతో మంట ఊదే కంసాలికీ తెలిసిన విద్యే. అది రానివాళ్లు స్వరాన్ని లూప్‌లో వేసి ఊపిరి తీసుకుంటారు. నాకది నచ్చదు. స్వరకర్త శ్వాస గుర్తు పెట్టినచోట ఆ ఊపిరి వినపడనివ్వండి. గుర్తు లేకపోతే స్వరకర్తనే అడగండి.

రిహార్సల్ అయ్యాక చెవుల్లో గీమంటోంది

ఇది ఫేడర్ దించి సరిచేసే సమస్య. పనిచోట ఆరోగ్యం మీద పరిశోధించే అమెరికా నియోష్ సంస్థ కార్మికులకు చేసిన సిఫారసు ప్రకారం 85 డెసిబెల్స్ మోతలో 8 గంటలకు మించి ఉండకూడదు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 94 దగ్గర గంట, 100 దగ్గర 15 నిమిషాలు. పన్నెండు నిమిషాల పీస్‌ను 100లో ఒకసారి వాయిస్తే ఆరోజు కోటా దాదాపు అయిపోయినట్టే. రెండోసారి ఫైలును 10 డెసిబెల్స్ దించి పెట్టండి, శాక్స్ వాళ్లకు ఇయర్‌ప్లగ్స్ ఇవ్వండి, మీరూ పెట్టుకోండి.